విశ్వేశ్వరయ్యగారూ, ఫార్గో లారీ

ప్రతి సెప్టెంబరు 15న మన కళాశాలలో విశ్వేశ్వరయ్యగారి పటానికి పూలదండ పడుతుంది. మైసూరు తలపాగా, ముడత లేని కోటు, నిటారుగా నిలబడిన మనిషి. ఆనకట్టల గురించి ఒకరు, క్రమశిక్షణ గురించి ఇంకొకరు మాట్లాడతారు. ఆపైన టీ, బిస్కెట్లు. నేను చదివిన రోజుల్లోనూ ఇదే వరస. పూర్వ విద్యార్థిగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నప్పుడూ ఇదే వరస. కృష్ణరాజసాగరం గురించి అందరూ చెబుతారు, మోటారు బండి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కుర్రాళ్ళు అడిగారు గనుక ఆ మిగిలిపోయిన సంగతి రాస్తున్నాను.

నేను లారీ షెడ్డులో పెరిగినవాణ్ణి. మా నాయన గుత్తి రోడ్డు పక్కన ఒక షెడ్డులో మేస్త్రీ. డాడ్జి, ఫార్గో అనే రెండు పేర్లు నాకు అక్షరాలు రాకముందే తెలుసు. పేర్లేమో అమెరికావి, బండ్లేమో బొంబాయిలో తయారైనవి. అమెరికా పేరు బొంబాయి బండి ముక్కు మీదికి ఎట్లా ఎక్కింది, మధ్యలో ఈ తలపాగా పెద్దమనిషికి ఏం పని అన్నది ఇంజనీరింగు చదివిన అయిదేళ్ళలో ఏ క్లాసులోనూ వినలేదు. ఉద్యోగంలో చేరిన తర్వాత, తీరిక దొరికినప్పుడు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను.

ఆయన మనకు పరాయివారేం కాదు. ఇంటిపేరు మోక్షగుండం. అది గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. పూర్వీకులు ఎప్పుడో అక్కణ్ణుంచి మైసూరు సీమకు వలసపోయారు, కాని ఇంట్లో మాట తెలుగే. 1861లో చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టారు. మన హిందూపురం దాటి గౌరిబిదనూరు మీదుగా పోతే ఒక పూట ప్రయాణం కూడా కాదు. అదే ఎర్రనేల, అవే రాతి గుట్టలు, వాన కురిస్తేనే నిండే అవే చెరువులు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. కొడుకు చిన్నతనంలోనే ఆయన పోయారు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుకుంటూ, ఇంకొకరి ఇంట పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పూర్తి చేశారు. ఆ తర్వాత మైసూరు సర్కారు స్కాలర్‌షిప్ ఇస్తే పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివారు. 1883లో పరీక్షలో మొదటి స్థానం, 1884లో బొంబాయి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం. ఈ స్కాలర్‌షిప్ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పని పడుతుంది.

బొంబాయి సర్కారులో పాతికేళ్ళ నౌకరీ. అదంతా నీళ్ళ కథే. పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన అమర్చిన తలుపులు నీరు ఒక మట్టానికి రాగానే వాటంతట అవే తెరుచుకునేవి, వరద తీసిపోగానే మూసుకునేవి. కట్ట ఎత్తు పెంచకుండానే నిల్వ పెరిగింది. దానికి పేటెంటు తీసుకున్నారు, కాని సర్కారు ఉద్యోగిగా చేసిన పని అని రాయల్టీ పుచ్చుకోలేదు. దక్కనులో కాలువ నీళ్ళను బ్లాకులవారీగా, పంటల వంతు ప్రకారం పంచే పద్ధతి కూడా ఆయనదే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేసిన తర్వాత నిజాము ప్రభుత్వం పిలిపిస్తే వచ్చి, ఊరికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపమని చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఆ సలహా మీద వచ్చినవే. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు అయినారు, 1912లో దివాను. 1911లో కృష్ణరాజసాగరం పని మొదలైంది. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ. ఇవన్నీ మీకు ఉపన్యాసాల్లో వినబడినవే కాబట్టి తొందరగా దాటిపోతున్నాను.

దివానుగిరీ ముగిసిన తీరు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే బాగుండునని నేననుకుంటాను. ఆయన సర్కారు పనికి సర్కారు కారు, సొంత పనికి సొంత కారు వాడేవారని, రాజీనామా ఇచ్చి ఇంటికి పోయేటప్పుడు సొంత కారెక్కి పోయినారని ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథ అందరికీ ఇష్టం. రాజీనామా దేనికి అన్న ప్రశ్న మాత్రం అక్కడే ఆగిపోతుంది. 1918లో మైసూరు మహారాజు న్యాయమూర్తి మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. సర్కారు కొలువుల్లో బ్రాహ్మణేతరులకు, వెనకబడిన కులాలకు వాటా ఎట్లా పెంచాలన్నది ఆ కమిటీ పని. కులాన్ని బట్టి కొలువులిస్తే పనితనం చెడుతుందని విశ్వేశ్వరయ్యగారి నమ్మకం. ఆ విషయంలోనే మహారాజుకూ ఆయనకూ పొసగలేదు, పదవి వదులుకున్నారు. నమ్మినదాని కోసం పదవి విడిచిన నిజాయితీని నేను కాదనను. కాని ఆ నమ్మకం సరైనదని ఒప్పుకోలేను. ఆయన పైకి రావడానికి సర్కారు స్కాలర్‌షిప్ చెయ్యి అందించింది. చెయ్యి అందించేవాళ్ళే లేనివాళ్ళు వేలమంది ఉన్నారని, వాళ్ళ చేతుల్లోనూ పనితనం ఉందని గుర్తించడానికి ఆ గొప్ప బుర్రకు ఏదో అడ్డమొచ్చింది. మా నాయన నాలుగో క్లాసు. నేను ఈ కళాశాలలో కాలు పెట్టింది రిజర్వేషను సీటు మీద, తిన్నది సర్కారు హాస్టలు కూడు. అందుకే ఈ మాట రాయకుండా మిగతాది రాయలేను.

ఇంక మోటారు దగ్గరికి వద్దాం.

దివానుగిరీ వదిలినా ఆయన ఊరికే కూర్చోలేదు. 1898లోనే జపాను చూసి వచ్చినవారు. ఆసియాలోని ఒక దేశం తెల్లవాళ్ళ యంత్రాలు కొనుక్కోవడంతో ఆగకుండా వాటిని చేయడం నేర్చుకుంటున్నదని అప్పుడే గమనించారు. 1923 నుంచి 1929 దాకా భద్రావతి ఇనుప కర్మాగారం బోర్డుకు అధ్యక్షులుగా ఉండి, మునిగిపోయేట్టున్న ఆ పనిని గట్టెక్కించారు. ఆ పనికి తనకు రావలసిన సొమ్మును బెంగుళూరులో చేతిపనులు నేర్పే విద్యాలయానికి ఇప్పించేశారు. ఇనుము చేతికొచ్చింది, ఉక్కు టాటాల దగ్గర తయారవుతోంది. ఆ ఉక్కుతో ఏం చెయ్యాలన్న ప్రశ్నకు ఆయనకు తోచిన జవాబు మోటారు బండి.

అప్పటికి మన దేశంలో మోటార్లు లేక కాదు. ఫోర్డు కంపెనీ 1926లో, జనరల్ మోటార్సు 1928లో ఇక్కడ దుకాణం పెట్టాయి. బొంబాయిలో షెవర్లెట్లు, ఫోర్డులు వరసగా బయటికొచ్చేవి. అయితే అవి ఇక్కడ చేసినవి కావు. సముద్రం దాటి పెట్టెల్లో ముక్కలుగా వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. ఫోర్డు ముక్కలు కెనడా నుంచి వచ్చేవి. అది బ్రిటిషు సామ్రాజ్యంలోని దేశం కాబట్టి సుంకాల లెక్క అటు కలిసొచ్చేది. ఇంజను దిమ్మ పోత పోయడం గాని, గేరు పళ్ళు కోయడం గాని, ఉక్కుకు నీరు పట్టడం గాని ఇక్కడివాడికి నేర్పే అవసరమే వాళ్ళకు లేదు. నట్టు బిగించడం వస్తే చాలు. అనంతపురం, బళ్ళారి, కడప రోడ్ల మీద తిరిగిన బస్సులన్నీ ఇట్లాంటి బండ్లే. యుద్ధకాలంలో పెట్రోలు కరువొచ్చినప్పుడు వెనక బొగ్గు కుంపటి తగిలించుకొని ఆ గ్యాసుతో నడిచాయి. మా నాయన పని నేర్చుకున్నది ఆ బొగ్గు బస్సుల మీదే. తెల్లవారుజామున లేచి కుంపటి రాజేసి, గాలి తిప్పి తిప్పి, గ్యాసు తయారయ్యేసరికి మనిషి మసి బొమ్మ అయ్యేవాడట. ఎక్కడైనా మిట్ట వస్తే ప్రయాణికులు దిగి తోయాలి, అది టిక్కెట్టులో భాగమే.

1935లో, డెబ్భై నాలుగో ఏట, విశ్వేశ్వరయ్యగారు మోటారు పరిశ్రమను చూడ్డానికి యూరప్, అమెరికా ప్రయాణం కట్టారు. ఆ వయసులో మనవాళ్ళు కాశీకి పోతారు. ఆయన కర్మాగారాలకు పోయి, వివరాలు కూర్చుకొని, తిరిగొచ్చి బొంబాయిలో మోటారు కర్మాగారానికి పథకం తయారు చేశారు. పెట్టుబడి ఎంత, యంత్రాలేవి, ఎన్ని బండ్లు చేస్తే గిట్టుబాటు, ఏ భాగాలు మొదట ఇక్కడ చెయ్యాలి, ఏవి కొన్నాళ్ళు తెప్పించుకోవాలి అంతా లెక్క. ఇది కారెక్కే షావుకార్ల సరదా కోసం వేసిన లెక్క కాదు. ఒక మోటారు కర్మాగారం నిలబడితే దాని చుట్టూ స్ప్రింగులవాడు, రేడియేటరువాడు, రబ్బరువాడు, బ్యాటరీవాడు, పోతవాడు, లేతువాడు పుట్టుకొస్తారు. ఆయన చూపు వాళ్ళ మీద.

డబ్బూ ధైర్యమూ ఉన్న మనిషి వాల్‌చంద్ హీరాచంద్. షోలాపూరు నుంచి వచ్చిన కంట్రాక్టరు, ఓడల కంపెనీ నడిపినవాడు. ఆయన ఈ పథకం భుజానికెత్తుకున్నారు. 1937లో బొంబాయిలో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది, ఖేర్‌గారి ప్రభుత్వం వాటాదారులకు వడ్డీ హామీ ఇవ్వడానికి సిద్ధపడింది. 1939లో వాల్‌చంద్ అమెరికా పోయినారు. ఫోర్డుతో కుదరలేదు. జనరల్ మోటార్సుతోనూ కుదరలేదు. ఆశ్చర్యమేముంది, ఇక్కడ పెట్టెలు విప్పి బండ్లు బిగించి అమ్ముకుంటున్నవాళ్ళు, పెట్టెలే అవసరం లేకుండా చేసే పనికి ఎందుకు ఒప్పుకుంటారు. చివరికి సాంకేతిక సాయం చెయ్యడానికి ఒప్పుకున్నది క్రైస్లర్.

ఈ క్రైస్లర్ సంగతి ఇక్కడే నాలుగు మాటల్లో చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో షెడ్డువాళ్ళకు చుట్టమయ్యేది ఆయనే. వాల్టర్ క్రైస్లర్ కాన్సాస్ రాష్ట్రంలో రైలింజను డ్రైవరు కొడుకు. రైల్వే షెడ్డులో పనివాడుగా చేరి పైకొచ్చాడు. మన గుంతకల్లులో ఇట్లాంటి కుర్రాళ్ళు ఎంతమందో. 1908లో ఒక ప్రదర్శనలో లోకోమొబైల్ అనే కారు చూసి మనసు పారేసుకున్నాడు. ధర 5000 డాలర్లు, చేతిలో ఉన్నది 700. మిగతాది అప్పు చేసి కొని, ఇంటికి తెచ్చి, నడపలేదు. మొత్తం విప్పి పరిచాడు. మళ్ళీ బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఏ ముక్క ఎందుకుందో తెలిసిన తర్వాతే స్టీరింగు పట్టాడు. 1925లో సొంత పేరుతో కంపెనీ పెట్టాడు. 1928లో ప్లిమత్, డిసోటో అనే కొత్త పేర్లు దించి, ఆ ఏడే డాడ్జి కంపెనీని కొన్నాడు. ఆ డాడ్జి అన్నదమ్ములు ఒకప్పుడు ఫోర్డుకు విడిభాగాలు చేసిచ్చిన మిషను షాపువాళ్ళే. ఫార్గో అన్నది లారీలకు తగిలించిన ఇంకో పేరు.

ఒప్పందం అయింది. ఇంక కర్మాగారం లేవాలి. అయితే 1939 చివర్లో యుద్ధం మీద తగవు వచ్చి కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, బొంబాయి హామీ గాల్లో కలిసింది. అప్పుడు చూపు బెంగుళూరు వైపు తిరిగింది. దివాను మీర్జా ఇస్మాయిల్ కాలంలో మైసూరు సంస్థానం సాయం చెయ్యడానికి ముందుకొచ్చింది. విశ్వేశ్వరయ్యగారికి ఇంతకంటే ఏం కావాలి, తన ఊరికి కూతవేటు దూరంలో తన పథకం. కాని సంస్థానం అట్లాంటి హామీ ఇవ్వాలంటే ఢిల్లీ తెల్లదొరలు ఊఁ అనాలి. వాళ్ళు అనలేదు. యుద్ధకాలంలో ఇది అవసరం లేదన్నారు. వింత ఏమంటే అదే వాల్‌చంద్, అదే బెంగుళూరు, అదే మైసూరు సర్కారు కలిసి 1940 డిసెంబరులో హిందుస్తాన్ విమాన కర్మాగారం పెడితే దానికి అనుమతి దొరికింది. విమానాలు వాళ్ళ యుద్ధానికి పనికొస్తాయి మరి. 1941లో అక్కణ్ణుంచి విమానం ఎగిరింది. విమానం ఎగరేయగలిగిన ఊళ్ళో లారీ చెయ్యడం కుదరదన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి ఉత్తరాలు రాసి, మెమొరాండాలు పంపి, కాళ్ళరిగేలా తిరిగినా లాభం లేకపోయింది.

నేను ఈ ఘట్టం దగ్గర చాలాసేపు ఆగిపోతుంటాను. బెంగుళూరులో 1940లో ఆ కర్మాగారం లేచి ఉంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దాకా ఎన్ని చిన్న షాపులు పుట్టేవో. మన నేలలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. శెనక్కాయ పంట పోతే ఊళ్ళకు ఊళ్ళు బెంగుళూరు బస్సెక్కుతాయి. ఎక్కినవాడికి అక్కడ దొరికేది మట్టి మోసే పని. అదే చేతికి గేరు కోసే పని దొరికే అవకాశం ఒకసారి వచ్చి పోయింది. ఆ పదేళ్ళ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

చివరికి వాల్‌చంద్ 1944లో బొంబాయిలోనే ప్రీమియర్ ఆటోమొబైల్స్ పేరుతో కంపెనీ రిజిస్టరు చేయించి, కుర్లాలో ఫ్యాక్టరీ పెట్టారు. 1947లో క్రైస్లర్ వారి బండ్లు బయటికొచ్చాయి. డాడ్జి, ప్లిమత్ కార్లు, డాడ్జి, ఫార్గో లారీలు. మొదట్లో ఇక్కడా పెట్టెలు విప్పి బిగించడమే. కాని కొద్దికొద్దిగా భాగాలు ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. అప్పటికి కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో బిర్లాల హిందుస్తాన్ మోటార్సు కూడా నిలదొక్కుకుంటోంది. 1953లో టారిఫ్ కమిషను నివేదిక తర్వాత, ఇక్కడే తయారు చేసే కార్యక్రమం లేనివాళ్ళు మూసుకుపోవాలని స్వతంత్ర భారత ప్రభుత్వం తేల్చింది. ఫోర్డు, జనరల్ మోటార్సు బిగింపు షాపులు మూసేశాయి. విశ్వేశ్వరయ్యగారు పద్దెనిమిదేళ్ళ కిందట అడిగింది అదే. వాల్‌చంద్ మాత్రం చూడలేదు, 1953లోనే పోయారు.

ఆ ఫార్గోలే మా షెడ్డుకు వచ్చినవి. ఇప్పుడు వాటిని ఏలినవాళ్ళ అనుభవాలు కొంచెం చెబుతాను. యజమానులు ఎక్కువమంది శెనక్కాయల మండీవాళ్ళు, తాడిపత్రి బండల వ్యాపారస్తులు. డాడ్జివాడికీ ఫార్గోవాడికీ ఒక్క క్షణం పడేది కాదు. మా బండి లాగుడు వేరు అని ఒకడు, మా బండి గట్టితనం వేరు అని ఇంకొకడు. మా నాయన రెండు బానెట్లూ ఎత్తి, అదే ఇంజను, అదే గేరుబాక్సు, ముక్కు మీద పేరొకటే తేడా అని చూపించేవాడు. నమ్మేవాళ్ళు కాదు. ఇంకో బండి సామాను తమ బండికి వేస్తున్నాడేమో అని అనుమానంగా చూసేవాళ్ళు.

పాత పెట్రోలు బండికి ఆరు సిలిండర్లు, వాల్వులు పక్కన ఉండే రకం. నిదానస్తురాలు, మొండిది, తాగుబోతు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పెట్రోలు పంపులో పెట్రోలు ఆవిరై, బండి నడిరోడ్డు మీద నిలబడేది. మందు ఒకటే, తడి గోనెపట్ట పంపు మీద చుట్టి, చెట్టు కింద బీడీ కాల్చుకుంటూ కూర్చోవడం. అందుకు నీళ్ళు కావాలి. మసిలే రేడియేటరుకు నీళ్ళు కావాలి. పెనుకొండ మిట్టలెక్కాక ఒక డబ్బా, గుత్తి చేరకముందే ఇంకో డబ్బా. కరువు ఏడు ఊరి బావిలో చేద అడుగు తాకుతుంటే, లారీ క్లీనరు డబ్బా పట్టుకొని వస్తే ఆడవాళ్ళు ఊరుకుంటారా. మనుషులకే లేవు, నీ ఇనుప గుర్రానికి పోయాలా అని తిట్టి, చివరికి ఎవరో ఒకామె అర్ధ బిందె పోసేది. బదులుగా డ్రైవరు ఆమెనూ గంపనూ సంత దాకా ఎక్కించుకుపోయేవాడు. ఆ లెక్క ఏ ఖాతాలోనూ రాసుకోలేదు.

బండల లోడుకు కమాను పట్టీలు విరగడం మామూలే. కంపెనీ పట్టీ మద్రాసు నుంచి రావాలంటే పది రోజులు. అందాకా బండి ఆగితే యజమాని కిస్తీ ఆగదు. మా షెడ్డు పక్క కమ్మరాయన పాత పట్టీనే కొలిమిలో కాల్చి, కొత్త వంపు కొట్టి, నూనెలో ముంచి ఇచ్చేవాడు. ఉక్కు ఎంత ఎర్రబడితే తియ్యాలో ఆయన కంటితో చూసి చెప్పేవాడు. మూడో సంవత్సరంలో ఆ పాఠం చదివినప్పుడు పుస్తకంలో రంగుల పట్టిక చూసి నాకు నవ్వొచ్చింది. అది నేను పదేళ్ళప్పుడే చూసిన పట్టిక. తర్వాత పెట్రోలు ఖర్చు భరించలేక యజమానులు ఇంజను మార్పించడం మొదలుపెట్టారు. మద్రాసు సింప్సన్ వారు చేసే పెర్కిన్స్ డీజిలు ఇంజను ఫార్గో కడుపులో కూర్చోబెట్టాలి. దిమ్మకు కాళ్ళు కుదరకపోతే లేతు మీద కొత్త కాళ్ళు చేసేవాళ్ళు. డ్రాయింగు నేల మీద బొగ్గుతో గీసేవాళ్ళు.

విశ్వేశ్వరయ్యగారి పథకంలో కర్మాగారం చుట్టూ పుట్టుకొస్తారని లెక్కవేసిన మనుషులు వీళ్ళే. కర్మాగారం రాకముందే పుట్టారు, వచ్చిన కర్మాగారం వీళ్ళను పిలవలేదు. దివానుగా ఆయన కొలువుల తలుపు దగ్గర భయపడింది వీళ్ళ కులాల గురించే. రెండూ ఒకే మనిషి జీవితంలో ఉన్నాయి, నేనేం చెయ్యను.

డాడ్జి, ఫార్గోల రాజ్యం ఎక్కువ కాలం నిలవలేదు. 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా వారు మెర్సిడెస్ బెంజ్ లారీ చెయ్యడం మొదలుపెట్టారు, ఎన్నూరులో లేలాండు వచ్చింది. యజమానులు ఒక్కొక్కరే అటు జరిగారు. ప్రీమియర్ వారు 1951లో ఇటలీ ఫియట్‌తో చెయ్యి కలిపి చిన్న కారు పట్టుకున్నారు, అదే తర్వాత పద్మిని అయింది. అమెరికా పెద్ద కార్లు పెళ్ళి ఊరేగింపులకు, సినిమాలకు మిగిలాయి. అక్కడ అమెరికాలోనూ క్రైస్లర్ వారు 1960 చివర్లో డిసోటోను, 2001లో ప్లిమత్‌ను ఆపేశారు.

విశ్వేశ్వరయ్యగారు ఇదంతా దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నారు. 1951లో తన పని జీవితం గురించి పుస్తకం రాసుకున్నారు. తొంభై దాటాక గంగ మీద మొకామా వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే పనికి పెద్దగా ఉన్నారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్ళు నిండాక 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. దహనం ముద్దేనహళ్ళిలో, పుట్టిన ఊళ్ళోనే జరిగింది.

మన జిల్లాకు మోటారు కర్మాగారం ఆయన పోయిన యాభై ఏడేళ్ళకు వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా వారి కియా. ఒప్పందం 2017లో, ప్రారంభం 2019 డిసెంబరులో. 2022లో జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలోకి పోయింది, అయినా మన అలవాటులో అది మనదే. హంద్రీనీవా కాలువ మీదుగా గొల్లపల్లి జలాశయానికి వచ్చిన కృష్ణా నీళ్ళే దానికీ ఆధారం. చుట్టూ విడిభాగాల కంపెనీలు కూడా లేచాయి, చాలావరకు కొరియా నుంచి కలిసొచ్చినవే. మన కుర్రాళ్ళు ఏటా అక్కడికి పారిశ్రామిక యాత్ర అని పోయి, రోబోలను చూసి, ఫొటోలు దిగి వస్తున్నారు. పోవలసిందే. నేను అడిగేది దానితోపాటు ఇంకొకటి.

మన కళాశాల 1946లో మద్రాసు గిండీ ఆవరణలో మొదలై 1948లో అనంతపురం చేరింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా గుత్తి రోడ్డు షెడ్ల మేస్త్రీ ఒక్కడైనా ఇంజనీర్ల దినోత్సవం వేదిక ఎక్కడం నేను చూడలేదు. యూనియన్ కార్యదర్శికీ, మెకానికల్ విభాగం లెక్చరర్లకూ నా మనవి ఇది. వచ్చే సెప్టెంబరు 15న ఉపన్యాసాలు రెండు తగ్గించి, అందర్నీ వర్క్‌షాపుకు తీసుకుపోండి. పాత కమాను పట్టీ ఒకటి, కొలిమి ఒకటి పెట్టి, పట్టీకి వంపు ఎట్లా కొడతారో, నూనెలో ఎప్పుడు ముంచుతారో చేసి చూపించమనండి. ఫార్గో ఇంజను విప్పి బిగించినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నారు. ఒకాయనకు చూపు ఆనడం లేదు గాని చేతులు బాగానే ఉన్నాయి. తీసుకొచ్చే పూచీ నాది, ఆటో ఖర్చు యూనియన్ పెట్టుకోవాలి.